ఆగిన చోటల్లా ఒక పుస్తకం

కంటి వెనుక పొరను తెర మీద అరచేతి వెడల్పున పరచి చూసిన వైద్యుడు, ఆ పొరకు రక్తం పంపే గుండె ఎలా ఉందని మా అన్నను ఎందుకు అడగలేదు?

ఈ ప్రశ్నను నేను మొదట ఆ వైద్యుణ్ణే అడిగాను. తర్వాత ఆయన పైవాళ్ళను అడిగాను. అడగకూడని ప్రశ్న అని ఎవరూ అనలేదు. జవాబు కూడా ఎవరూ చెప్పలేదు. ఒకరు మాత్రం నాకు మంచినీళ్ళు తెప్పించారు.

నా పేరు నళిని. కోఠిలో ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. కన్ను కెమెరా వంటిదని ఏటేటా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పడం నా ఉద్యోగంలో భాగం. పాఠ్యపుస్తకంలోని ఆ పోలికలో ఒక లోపం ఉంది. కెమెరాకు రక్తం అక్కరలేదు.

మా అన్న పేరు ఇంద్రసేన. నాంపల్లి స్టేషన్ రోడ్డులో మా నాన్న పెట్టిన కాగితం దుకాణాన్ని ఆయన, మా తమ్ముడు విజయేందర్ కలిసి నడిపారు. పై అంతస్తులో కాపురాలు, కింద దుకాణం, వెనుక గోదాము. సరుకు ఎంచడం అన్న పని. అమ్మడం తమ్ముడి పని. అన్న ఒక కాగితం తావును బొటనవేలితో తడిమి, చెవి దగ్గర పెట్టి ఒక్కసారి ఆడించేవాడు. ఆ చప్పుడును బట్టి అది ఏ రకమో, ఎంత బరువుదో, గోదాములో చెమ్మ తాకిందో లేదో చెప్పేవాడు. విజయేందర్‌కు ఆ విద్య రాలేదు. నేర్చుకోవాలని ఆయన అనుకోనూ లేదు. "కాగితం ముచ్చట అన్నకు తెలుస్తది, గిరాకీ ముచ్చట నాకు తెలుస్తది" అని ధీమాగా తిరిగేవాడు. ఈ పంపకాన్ని చదివేవారు గుర్తుపెట్టుకోవాలి. ఈ కథలో ఒక ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంది.

డెబ్బై దాటాక అన్న చూపు మధ్యలో చెరగడం మొదలైంది. చుట్టూ ఉన్నది కనబడుతుంది, సూటిగా చూసినది కనబడదు. మనిషి భుజాలు కనబడతాయి, ముఖం కనబడదు. తలుపు కనబడుతుంది, తాళం కనబడదు. కంటి ఆసుపత్రిలో ఫొటోలు తీసి, రెటీనా నడిమి భాగం వయసుతో అరిగిపోతోందని, పొడి రకమని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పారు. ఆ ఫొటోలో పొర కింద పేరుకున్న చిన్న చిన్న మచ్చలను వైద్యుడు కలం మొనతో చూపించాడు. ముదరకుండా మాత్రలు రాసిచ్చి, రోజూ ఉదయం చూసుకొమ్మని ఒక గళ్ళ కాగితం ఇచ్చాడు. గీతలు వంగినట్టు కనబడితే రావాలి. ఆ కాగితం నకలుకు నకలు. అన్న దాన్ని వేళ్ళతో తడిమి, మర్యాదగా అక్కడి టేబుల్ మీదే వదిలేసి వచ్చాడు. సొంత దుకాణంలో మేలు రకం గ్రాఫ్ కాగితం ఉండగా ఈ చెత్త ఎందుకని ఆయన అభిప్రాయం. మర్నాటి నుంచి గల్లాపెట్టె పక్క గోడ మీద మా గ్రాఫ్ కాగితమే వేలాడింది. గీతలు వంగుతూనే పోయాయి.

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాల షటర్లు దించి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంటు పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. స్టేషన్ రోడ్డు నుంచి అక్కడిదాకా నడిచి, పుస్తకాల కుప్పల వెంట చివరికంటా వెళ్ళి తిరిగి రావడం అన్నకు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. చూపు పోయినా మానలేదు. రోడ్డు దాటేచోట ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునేవారు, మిగతా దారి పాదాలకు తెలుసు. చివరి రోజుల్లో మాత్రం ఆ నడక మారింది. నాలుగైదు కుప్పలు దాటగానే ఆగేవాడు. వంగి చేతికి అందిన పుస్తకం తీసి, మధ్యలో తెరిచి, పేజీని బొటనవేలితో నెమ్మదిగా తడిమి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. కాసేపటికి దాన్ని దించి ముందుకు కదిలేవాడు. మరికొంత దూరం వెళ్ళి మళ్ళీ ఆగేవాడు.

చదవలేని మనిషి పుస్తకాల దగ్గర ఎందుకు ఆగుతున్నాడని కాగితంతో సంబంధం లేని ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు అడిగేవారు. మా ఇంట్లో ఎవరికీ అడగాలని తోచలేదు. కళ్ళు పోయినా వేళ్ళు పోలేదని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో గొప్పగా చెప్పుకున్నారు. "కండ్లు పోయినయి గాని కాగితం పిచ్చి పోలే మా ఆయనకు" అని సౌభాగ్య వదిన నవ్వేది. ఆయన తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒకటో రెండో పుస్తకాలు తప్పకుండా ఉండేవి.

ఒక ఆదివారం ఆయన తిరిగి రాలేదు.

మూసి ఉన్న చెప్పుల దుకాణం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒడిలో తెరిచిన పుస్తకం, పేజీ మీద బొటనవేలు, తల కొంచెం వంగి ఉంది. ఆ మెట్టు ముందు పుస్తకాలు పరిచే బిచ్చయ్య, పెద్ద సేటు కాగితం చూస్తున్నాడనుకుని చాయ్ తెప్పించి పక్కన పెట్టాడు. చాయ్ మీద మీగడ కట్టింది. ఆ సమయంలో ఆయన ముందునుంచి ఎంతమంది నడిచి వెళ్ళారో, ఎంతమంది ఆ చదువరి నిష్ఠను మెచ్చుకున్నారో నాకు తెలియదు. పెద్ద కర్మ నాడు ఇంటికి వచ్చి, గుమ్మం లోపలికి రాకుండా నిలబడి బిచ్చయ్య చెప్పిన మాట ఇది: "కాగితం చూసేటప్పుడు మాట్లాడిస్తె సేటుకు కోపమస్తదని ఊకున్ననమ్మా."

ఆనాడు ఆసుపత్రికి తీసుకెళ్తే, గుండె ఆగిపోయిందన్నారు. ఇది ఒక్కనాటి జబ్బు కాకపోవచ్చునని, ఇంతకుముందు ఎప్పుడైనా నడుస్తుంటే ఛాతీలో నొప్పి, బరువు అన్నారా అని అక్కడి డాక్టరు మమ్మల్ని అడిగాడు. లేదన్నాం. కళ్ళు తప్ప ఆయనకు ఏ జబ్బూ లేదన్నాం. అందరం ఒక్క గొంతుతో అన్నాం, విజయేందర్ తప్ప. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. దుఃఖం అనుకున్నాను.

తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. అది నాకు తెలిసిన ఏకైక శోకవిధానం. వయసుతో వచ్చే ఈ కంటి జబ్బులో మచ్చలన్నీ ఒక రకం కావు. రెటీనా పొరకు ఒక పక్క పేరుకునేవి కొన్ని, మరో పక్క పేరుకునేవి కొన్ని. వాటిలో ఒక రకం ఉన్నవారిలో గుండె జబ్బులు, మెడలోని రక్తనాళాలు పూడుకోవడం, పక్షవాతం ఎక్కువగా కనబడుతున్నాయని పరిశోధకులు రాస్తున్నారు. గుండె నుంచి కంటికి చేరే రక్తం తగ్గడం వల్ల ఆ పొర దెబ్బతింటుందేమోనని వారి అనుమానం. ఇది సంబంధం మాత్రమేనని, కారణం ఇదేనని ఇంకా రుజువు కాలేదని కూడా వాళ్ళే రాశారు. నేను ఆ జాగ్రత్తను గౌరవిస్తాను. కంటిలో మచ్చలున్న ప్రతివారికీ గుండె జబ్బు ఉంటుందని చెప్పను. ఒక్క ప్రశ్న అడగడానికి రుజువు కోసం ఎదురుచూడనక్కరలేదని మాత్రం చెబుతాను.

కంటి వైద్యుడి దగ్గరకు వెళ్ళి అన్న ఫొటోలు మళ్ళీ తెరిపించాను. ఇవి ఆ రకం మచ్చలేనా అని అడిగాను. అవునన్నాడు. ఈ పరిశోధనల సంగతి మీకు తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. మరి ఆనాడు గుండె మాట ఎందుకు ఎత్తలేదు? ఆయన కుర్చీని కొంచెం వెనక్కి జరిపి, "మేడం, మేము కన్ను చూస్తాం" అన్నాడు. మంచినీళ్ళు వచ్చింది అప్పుడే. గ్లాసు ముట్టకుండా లేచి వచ్చాను.

ఏడాది తిరిగాక సౌభాగ్య వదిన అన్న తెచ్చిన పుస్తకాలను బిచ్చయ్యకే తిరిగి ఇచ్చేద్దామంది. అలమర ఖాళీ చేయడానికి నేను కూర్చున్నాను. కాలం చెల్లిన రైల్వే టైంటేబుల్, టైపు నేర్చుకునే గైడు, కోళ్ళ పెంపకం, ఎవరో టిక్కులు పెట్టిన పోటీ పరీక్షల పుస్తకం. పేర్లు నన్ను ఆశ్చర్యపరచలేదు. ఆయన చూడలేని పేర్లు ఏవైతేనేం? నా చెయ్యి ఆగింది వేరే చోట. టైంటేబుల్‌లో ఒక పేజీ మడిస్తే మడత దగ్గరే విరిగింది. కోళ్ళ పుస్తకం అట్ట తీస్తే పొట్టు రాలింది. ఒక్కొక్కటే వరుసగా తడిమాను. అన్నీ నాసిరకం న్యూస్‌ప్రింటు. అన్న తన దుకాణం గడప తొక్కనివ్వని కాగితం. చూపున్నా లేకున్నా, వేళ్ళున్న ఇంద్రసేన ఎంచి తెచ్చుకునే కాగితం కాదు అది. పొట్టు నా వేళ్ళకు అంటుకుని ఉండగా నాకు అర్థమైంది: ఆయన ఆగింది కాగితం కోసం కాదు.

మరి ఎందుకు ఆగాడు?

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. స్టేషన్ రోడ్డులో నా ముందు నడిచే ఎవరైనా ఆగితే నా కాళ్ళూ ఆగిపోయేవి. గోదాములో ఎవరో తావు ఆడించిన చప్పుడు వినబడితే మెట్ల మీదే నిలబడిపోయేదాన్ని. వదినకు చెబితే, "అలమర ఖాళీ చేసినవ్ గదా, ఇగ నువ్వు గూడ జర ఖాళీ కావాలె" అంది.

ఆ చలికాలంలోనే విజయేందర్ చూపు చెదరడం మొదలైంది. గల్లా దగ్గర నోటును పక్కకు తిప్పి, కంటి కొస నుంచి చూసి గుర్తుపట్టడం నా కంటబడింది. అన్న సరిగ్గా అలాగే చేసేవాడు. అదే ఆసుపత్రి, వేరే డాక్టరు. ఈసారి నేను వెంట వెళ్ళాను. తెర మీద మచ్చలు వచ్చాయి. అదే రకం. నేను అడగవలసింది అడిగాను. ఆ యువకుడు తెరవైపే చూస్తూ, గుండె కూడా చూపించుకుంటే మంచిదేనన్నాడు. అని, చిట్టీలో కంటి మాత్రలు రాశాడు. గుండె గురించి ఒక్క అక్షరం రాయలేదు.

మన ఊళ్ళో చిట్టీలో రాసింది వైద్యం, నోటితో అన్నది ముచ్చట. విజయేందర్ మెట్లు దిగుతూనే ఆ సందును పట్టుకున్నాడు. "డాక్టర్ రాయలే గదక్కా. రాస్తె పోదుము." నేను వదలకపోతే రెండో అస్త్రం తీశాడు. కంటిలో శుక్లం తీసే మోతీబిందు ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీ ఆయన దగ్గర ఉంది. అందులో గుండె బాగున్నట్టు వచ్చింది. దాన్ని జాతకంలా దాచుకున్నాడు. "ఫస్ట్ క్లాస్ అన్నరు. నువ్వు ఫిజిక్స్ టీచర్‌వా, గుండె డాక్టర్‌వా?"

పడుకోబెట్టి తీసిన ఈసీజీ, నడిచేటప్పుడు గుండె పడే బాధను చెప్పకపోవచ్చు. అది వివరించాను. ఆయన దుకాణం షటర్ దించే పనిలో పడ్డాడు. నీకేమైనా బాధ ఉందా అని అడిగాను. ఉంటే చెప్పనా అన్నాడు. ఆయన కూతురు రశ్మి ఇప్పుడు దుకాణం చూసుకుంటోంది. తండ్రి చూపు సంగతి తెలిసిన వారమే స్కూటర్ తాళం తీసి దాచింది, రోడ్డు ఒంటరిగా దాటొద్దంది. నేను గుండె పరీక్ష మాట ఎత్తినప్పుడు, "నాన్న బాగనే ఉన్నడు గదత్తా, బాధ ఏం లేదంటున్నడు" అంది. లేని బాధకు పరీక్ష చేయించమని నేనే మొండికేస్తున్నట్టు తేలింది.

అన్న పోయినప్పటి నుంచి ఆదివారం నడకను విజయేందర్ అందుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. శ్రాద్ధం పెట్టినంత నియమంగా వెళ్ళి వచ్చేవాడు. ఒక ఆదివారం నేను చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. వద్దనలేక చెయ్యి అందించాడు.

పోస్టాఫీసు చౌరస్తా దాటి పుస్తకాల వరుస మొదలయ్యేదాకా బాగానే నడిచాడు. వరుసలో కొంత దూరం వెళ్ళాక నా చెయ్యి వదిలి వంగి, ఒక పుస్తకం తీశాడు. మధ్యలో తెరిచాడు. పేజీని బొటనవేలితో తడిమాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఆ క్షణంలో నేను చూసింది నా తమ్ముణ్ణి కాదు. ఆ భుజాల వంపు, ఆ తల వాల్చిన తీరు, ఎండలో ఆ తెల్లని చొక్కా వీపు, అన్నీ మట్టిలో కలిసిపోయినవి. దయ్యాలను నమ్మని మనిషికి దయ్యం కనబడితే భయం వేయదు, కోపం వస్తుంది. నాకు కోపం వచ్చింది.

అది బిచ్చయ్య కుప్ప. చెప్పుల దుకాణం మెట్టు పక్కనే ఉంది. బిచ్చయ్య నాకు దండం పెట్టి, మెచ్చుకోలుగా అన్నాడు: "చిన్న సేటు గూడ పెద్ద సేటు లెక్కనే అయిండమ్మా. కాగితం చూడంది కదలడు."

విజయేందర్ కాగితం చూడడమా? బాండు కాగితానికీ న్యూస్‌ప్రింటుకూ తేడా అన్నను అడిగి అమ్మిన మనిషి. చెవి దగ్గర పెట్టుకున్న ఆ పేజీ ఏం చెబుతున్నా ఆయనకు అర్థం కాదు.

నేను ఏమీ అనకముందే ఆయనే గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అక్కా, నీకొకటి చెప్తె పిచ్చోడంటవ్."

"చెప్పు."

"నా ముంగట ఒకాయన నడుస్తుంటడు. తెల్లంగి. ముఖం కనవడది. నేను ఆగితె ఆగుతడు. నేను పుస్తకం తీస్తె ఆయన గూడ తీస్తడు. గిప్పుడు గూడ ఉన్నడు, గా మెట్టు కాడ."

మెట్టు మీద ఎండ తప్ప ఏమీ లేదు. ఇలా కనబడటం గురించి నేను చదివాను. చూపు చెరిగిన చోటును మెదడు ఖాళీగా ఉంచదు, తనకు తోచిన బొమ్మలతో నింపుతుంది. మతి చెడినట్టు కాదు. ఆ బొమ్మల్లోని మనుషులు సాధారణంగా ముక్కూ మొహం ఎరుగని వాళ్ళే అయి ఉంటారు. ఇదంతా ఆయనకు చెప్పాను. ఓపికగా విన్నాడు.

"ఎరుగనోడు గాదక్కా. అన్న" అన్నాడు.

ఎవరన్నది తేల్చడానికి నేను రాలేదు. ఆయన మాటల్లో నన్ను పట్టుకున్నది మరొకటి. నేను ఆగితే ఆగుతాడు అన్నాడు.

"ఆయన సంగతి ఉండనీ. నువ్వెందుకు ఆగుతున్నవ్?"

"కాగితం జర..."

"నీకు కాగితం ఎప్పటినుంచి తెలుసు?"

పుస్తకం ఆయన చేతిలో మూసుకుంది. బస్సు ఒకటి మలుపు తిరిగి కోఠి వైపు వెళ్ళిపోయింది. బిచ్చయ్య ఏదో బేరం మధ్యలో ఆపి మావైపు చూస్తున్నాడు.

"ఛాతీల బండ పెట్టినట్టయితది" అన్నాడు విజయేందర్. "జర నిలవడితె పోతది. మల్ల నడుస్త. ఫికర్ చేసేటంత లేదక్కా."

"పుస్తకం ఎందుకు?"

మూసిన పుస్తకాన్ని కుప్ప మీద పెట్టాడు. తర్వాత మా అన్న చెప్పిన మాట ఆయన గొంతులో వచ్చింది. "అన్న చెప్పిండు. గట్లయితె పుస్తకం తీయిరా అన్నడు. పుస్తకం పట్టుకొని నిలవడ్డోన్ని ఎవ్వడేం అడగడు అన్నడు."

నాకు అర్థమైంది, అయినా అడిగాను. అన్నకు కూడా ఇలాగే అయ్యేదా? ఔ, అన్నాడు. నీకు ముందే తెలుసా? ఔ. ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు? ఈసారీ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గోడవైపు తిరిగిన ఆ వీపు నాకు గుర్తొచ్చింది. అన్న ఆయనతో ఒట్టు వేయించుకున్నాడట. కళ్ళు పోయాయని స్కూటర్ తీసుకున్నారు, చెక్కుల మీద సంతకం తీసుకున్నారు, గుండె కూడా పోయిందంటే ఇక నన్ను కట్టకట్టి అటక ఎక్కిస్తారు, ఈ ఆదివారం ఒక్కటి నాకు ఉండనీయమని బతిమాలాడట. తమ్ముడు ఉండనిచ్చాడు. ఆ నడకను ఇప్పుడు తాను నడుస్తున్నాడు. అన్న ఆగినచోట ఆగుతూ, అన్న దాచినదాన్నే దాస్తూ.

"అన్న ముంగట నడుస్తుంటె నేనెట్ల ఇంట్ల కూసుండాలక్కా?"

ఏడవడానికి అది సమయం కాదు. "ఆయన వెనక నడిస్తే ఆ మెట్టు మీదికే పోతవ్. ఆటో ఎక్కు" అన్నాను.

రేపు చూద్దామన్నాడు, రశ్మికి చెప్పి వెళ్దామన్నాడు, కాళ్ళు లాగుతున్నాయి కాసేపు కూర్చుంటానన్నాడు. అని మెట్టు వైపు ఒక అడుగు వేశాడు. నేను అడ్డం నిలబడ్డాను. బిచ్చయ్య తన ముక్కాలిపీట మీది పుస్తకాలను చేత్తో ఊడ్చి కింద పడేసి, దాన్ని తెచ్చి మా తమ్ముడి వెనుక పెట్టాడు. రోడ్డు మీదికి వెళ్ళి ఆటోకు అడ్డంగా నిలబడి ఆపింది కూడా ఆయనే.

గుండె ఆసుపత్రిలో మొదట తీసిన ఈసీజీ మళ్ళీ బాగానే వచ్చింది. విజయేందర్ నావైపు విజయగర్వంతో చూశాడు. డ్యూటీ డాక్టరు గ్యాస్ మాత్ర రాయబోయాడు. ఈయనకు పడుకుంటే నొప్పి రాదు, నడిస్తే వస్తుంది, నిలబడితే పోతుంది, ఈ లక్షణానికి మీరు ఏ పేరు పెడతారో నాకు చెప్పాక మాత్ర రాయండన్నాను. కంటి సంగతి కూడా చెప్పాను. కంటి మాట ఎత్తగానే, దారి తప్పి వచ్చానేమో అన్నట్టు చూశాడు. పోయిన అన్న సంగతి చెప్పాక కలం కింద పెట్టాడు. పెద్ద డాక్టరు వచ్చారు. మర్నాడు గుండె రక్తనాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఫొటోలు తీసి చూశారు. తెర మీద అన్నిటికంటే ముఖ్యమైన నాళం ఒకచోట దారంలా సన్నబడి ఉంది. ఇంటికి పంపించి ఉంటే ఎన్నాళ్ళు ఉండేవాడో చెప్పలేమన్నారు. ఆపరేషన్ చేశారు.

విజయేందర్ బతికాడు. రశ్మి నా ముందు కూర్చుని, నాన్న చెప్పలేదు కదత్తా అని ఏడ్చింది. చెబితే స్కూటర్ తాళంలాగే దుకాణం తాళాలూ పోతాయన్న భయంతో చెప్పలేదు, అన్నాను. ఆ వారమే దుకాణం తాళాలు తెచ్చి తండ్రి దిండు పక్కన పెట్టింది. నేను కంటి ఆసుపత్రికి మరొకసారి వెళ్ళి, ఇద్దరు అన్నదమ్ముల ఫొటోలు, ఆ దారంలాంటి నాళం ఫొటో పక్కపక్కన పెట్టి, నా మొదటి ప్రశ్న మళ్ళీ అడిగాను. పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తున్నారు.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం వెళ్తాం. ఆయన పుస్తకాలు తీయడు. మొన్న చౌరస్తా దగ్గర అడిగాను, తెల్లచొక్కా మనిషి ఇంకా కనబడుతున్నాడా అని. కనబడుతున్నాడన్నాడు. "నేనాగుతలేను గద, ఆయన గూడ ఆగుతలేడు. పోతనే ఉన్నడు" అన్నాడు. కొంచెం ఆలోచించి, "ముంగటికంటె దూరమయిండు" అన్నాడు. మెట్టు దాటేటప్పుడు మాత్రం నా చెయ్యి కొంచెం గట్టిగా పట్టుకుంటాడు.

చివరిగా నా సంగతి. పోయిన నెల నా కళ్ళ ఫొటోలు తీయించుకున్నాను. మచ్చలున్నాయి. ఏ రకమో అడిగి తెలుసుకున్నాను, అక్కడినుంచి నేరుగా గుండె డాక్టరు దగ్గరకు వెళ్ళాను. చిట్టీలో రాయకపోయినా వెళ్ళాను. ఈసారికి ఫరవాలేదన్నారు. నా ముందు ఇంకా ఎవరూ నడవడం లేదు. కంటి కొస నుంచి చూస్తూనే ఉన్నాను.

అబిడ్స్ పేవ్‌మెంటు మీద పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని నిలబడిన ముసలివాళ్ళు ఉంటారు. మీ ఇంట్లో కూడా ఒకరు ఉండవచ్చు. పుస్తకాలు లేనిచోట వాళ్ళు కూరగాయల బండి దగ్గర ఆగుతారు, గుడి అరుగు దగ్గర ఆగుతారు, మెట్ల మలుపులో ఆగి గోడమీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చూస్తారు. మీరు మర్యాదగా ఎదురుచూస్తారు. పాపం కనబడదు కదా అనుకుంటారు. ఏం చూస్తున్నావని ఆ మనిషిని అడగకండి, చూడలేరని మీకు తెలుసు. ఎందుకు ఆగావని అడగండి. చేతిలో ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టి, ముఖంలోకి చూసి అడగండి. ఆ జవాబు వినేదాకా అక్కడినుంచి కదలకండి.